మిషన్‌కు చెయ్యి చిక్కితే... ముందు వైద్యం, వెంటనే కాగితం

కంపెనీ కార్మికుడికైనా, కల్లంలో కూలికైనా పరిహారం హక్కే... యజమాని దయ కాదు

వెలిమెల: ఎకరం, ఎకరంన్నర భూమి మీద ఇల్లు గడవక ఇంటికొకరు కంపెనీ పనికి పోవడం రామచంద్రాపురం, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కాదు. తండ్రి పొలం దగ్గర మక్కలు ఒలిచే మిషన్ ముందు నిలబడితే, కొడుకు పాశమైలారంలోనో బొల్లారంలోనో ప్రెస్ మిషన్ ముందు నిలబడతాడు. ఇద్దరి చేతుల ముందూ తిరిగేది మిషనే. దానికి మనిషి చెయ్యికీ మక్క కంకికీ తేడా తెలియదు.

విత్తనం, ఎరువు, పురుగు మందు గురించి ఈ పేజీలో ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ వారం చేతుల గురించి చెప్పుకుందాం. చిన్న రైతుకు భూమి తర్వాత ఉన్న ఆస్తి చేతులే కదా!

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 46 మంది చనిపోయారు. మరో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవారు. ఇంత పెద్ద ప్రమాదం గనక మంత్రులు వచ్చారు, పేపర్లు రాశాయి, చనిపోయినవారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇస్తామని కంపెనీ ప్రకటించింది. కానీ రాత్రి షిఫ్టులో ఒక కుర్రాడికి రెండు వేళ్లు తెగితే ఎవరు వస్తారు? ఎవరూ రారు. కాంట్రాక్టర్ వస్తాడు. కట్టు కట్టిస్తాడు, చేతిలో కొన్ని నోట్లు పెడతాడు, తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటాడు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

ఎక్కడ చిక్కుతుంది చెయ్యి?

కంపెనీల్లో ఎక్కువగా ప్రెస్ మిషన్లు, ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్లు, రోలర్లు, కన్వేయర్ బెల్టులు చేతులను పట్టుకుంటాయి. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగే ప్రెస్‌కు ఒక బటన్‌ను కట్టేసి, ఒక చేత్తో నడిపించే చోట్లు ఉన్నాయి. ఇలా చేస్తే గంటకు నాలుగు ముక్కలు ఎక్కువ వస్తాయి. ఆ నాలుగు ముక్కల కోసం ఖాళీగా ఉన్న రెండో చెయ్యి మిషన్ కిందికి పోతుంది.

పొలం దగ్గర నూర్పిడి మిషన్, గడ్డి కత్తిరించే మిషన్, మోటారు బెల్టు, ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ రాడ్ ప్రమాదకరమైనవి. మామూలుగా పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువ్వాల కొసో, చీర కొంగో దానికి తగిలితే లాక్కునే వ్యవధి కూడా ఉండదు. మనిషి 'అమ్మా' అనేలోపే బట్టతోపాటు చెయ్యి చుట్టుకుపోతుంది.

మొదటి గంటలో...

ప్రమాదం జరగగానే మిషన్ ఆపండి, మెయిన్ స్విచ్ కట్టేయండి. చెయ్యి ఇరుక్కుంటే బలంగా గుంజవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, డీజిల్ వంటివి పొయ్యకూడదు.

తెగిన వేలిని పారేయకండి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్లు పోకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టండి. ఆ కవర్‌ను ఇంకో సంచిలోని ఐసు మీద ఉంచి ఆస్పత్రికి తీసుకుపోండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు, తగిలితే కణాలు చచ్చిపోతాయి. గంటల వ్యవధిలో చేర్చగలిగితే కొందరికి వేలు తిరిగి అతికే అవకాశం ఉంటుంది. 108కి ఫోన్ చేసినప్పుడే 'వేలు తెగింది, ముక్క మా దగ్గర ఉంది' అని చెప్పాలి.

మొదటి రోజు కాగితం

రైతులు, కార్మికులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఆస్పత్రిలో డాక్టర్ 'ఎట్ల తగిలింది?' అని అడుగుతారు. పక్కనే సూపర్‌వైజర్ నిలబడి ఉంటాడు. 'ఇంటి దగ్గర జారిపడ్డానని చెప్పు, పోలీసు కేసు కాకుండా చూసుకుందాం, ఖర్చంతా కంపెనీదే' అంటాడు. భయంతోనో మొహమాటంతోనో మనవాడు అట్లాగే చెబుతాడు. డాక్టర్ అదే రాస్తారు. ఆరు నెలల తర్వాత పరిహారం అడిగితే, ఆస్పత్రి కాగితమే మనకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ కంపెనీ, ఏ మిషన్, ఏ షిఫ్టు, ఎన్ని గంటలకు అనేవి కేస్ షీట్‌లో రాయమని అడగండి. మిషన్ ప్రమాదం గనక మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని కోరండి. బాధితుడు మాట్లాడలేని స్థితిలో ఉంటే వెంట వెళ్లినవారు ఈ పని చేయాలి. తర్వాత ఈ కాగితాలు, వివరాలు పోగు చేసుకోవాలి:

• ఆస్పత్రి చీటీలు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం. ఒక్కటీ పారేయవద్దు.

• కంపెనీ గుర్తింపు కార్డు, హాజరు చీటీ, జీతం బ్యాంకులో పడినట్టు చూపే పాస్‌బుక్ పేజీ. ఇవేవీ లేకపోతే కాంట్రాక్టర్‌తో ఫోన్‌లో జరిగిన మెసేజీలు కూడా పనికొస్తాయి.

• ప్రమాదం చూసిన ఇద్దరు ముగ్గురు తోటి కార్మికుల పేర్లు, ఊళ్లు. పరాయి రాష్ట్రం వాళ్లయితే సొంత ఊరి చిరునామా కూడా. నెల తిరిగేసరికి వాళ్లు వేరే చోటికి పోతారు.

• మిషన్ ఫొటో. రేపటికి దానికి కొత్త గార్డు బిగిస్తారు, రంగు కూడా వేస్తారు.

• యజమానికి రాతపూర్వకంగా సమాచారం. చేతికి ఇస్తే తీసుకోరు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఈఎస్ఐ కోత ఉందా?

జీతంలో ఈఎస్ఐ కింద కోస్తున్నారా అనేది ముందు చూసుకోవాలి. పది మంది, అంతకుమించి పనిచేసే కంపెనీలకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం పరిమితిని 2017 జనవరి నుంచి నెలకు 21 వేలు చేశారు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా మూడు రూపాయల పావలా.

చాలామంది 'చేరి పది రోజులే అయింది, నాకెక్కడ వస్తుంది' అనుకుంటారు. అది నిజం కాదు. పనిలో తగిలిన దెబ్బకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంది. పనికి పోలేని రోజులకు సగటు దినసరి వేతనంలో 90 శాతం చెల్లిస్తారు. వేలో, చెయ్యో శాశ్వతంగా పోతే మెడికల్ బోర్డు నిర్ణయించిన శాతాన్ని బట్టి నెలనెలా సొమ్ము వస్తుంది. చనిపోతే కుటుంబానికి పింఛను వస్తుంది. మన ప్రాంతానికి రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. పెద్ద వైద్యానికి సనత్‌నగర్ పంపుతారు.

ఈఎస్ఐ ఉన్నవారు అదే దెబ్బకు కింద చెప్పే పరిహారాన్ని మళ్లీ యజమాని నుంచి కోరడానికి లేదు. రెండింట్లో ఒకటే వర్తిస్తుంది.

ఈఎస్ఐ లేకపోతే యజమానే కట్టాలి

పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 'సామాజిక భద్రత కోడ్, 2020' అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారినా లెక్క కట్టే పద్ధతి అదే. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది.

లెక్క ఎట్లా కడతారో ఒక ఉదాహరణతో చూద్దాం. కార్మికుడి వయసు 25 ఏళ్లు, నెల జీతం 12 వేల రూపాయలు అనుకోండి. చట్టంలో ఒక్కో వయసుకు ఒక్కో అంకె ఉంది. 25 ఏళ్లకు అది 216.91. చిన్న వయసుకు అంకె ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09.

పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే జీతంలో 60 శాతాన్ని ఆ అంకెతో హెచ్చవేస్తారు. 12 వేలలో 60 శాతం 7,200. దాన్ని 216.91తో హెచ్చవేస్తే 15,61,752 రూపాయలు. రెండు చేతులూ పోతే ఇంత మొత్తం వస్తుంది. చనిపోతే జీతంలో 50 శాతంతో లెక్క కడతారు. అది 13,01,460 రూపాయలు.

కొంత భాగమే పోతే, ఏ భాగానికి ఎంత శాతమో చట్టంలోనే పట్టిక ఉంది. పై కార్మికుడికి ఆ పట్టిక ప్రకారం సుమారుగా ఇంత రావాలి:

• బొటనవేలు మొత్తం పోతే 30 శాతం... 4,68,500 రూపాయలు

• చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం... 2,18,600 రూపాయలు

• ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ మొత్తం పోతే 7 శాతం... 1,09,300 రూపాయలు

• ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం... 3,12,300 రూపాయలు

• ఒకే చేతికి నాలుగు వేళ్లు పోతే 50 శాతం... 7,80,800 రూపాయలు

వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం. తాత్కాలికంగా పనికి దూరమైతే ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. లెక్కకు తీసుకునే నెల జీతానికి గరిష్ఠ పరిమితి ఉంది. 2020 జనవరిలో కేంద్రం దాన్ని 15 వేలుగా నిర్ణయించింది.

ఇప్పుడు చెప్పండి... రెండు వేళ్లకు మూడు లక్షలు రావలసిన చోట, ఇరవై వేలు తీసుకుని సంతకం పెట్టి ఇంటికి వస్తే నష్టపోయింది ఎవరు?

'నీ తప్పే' అంటే బెదరకండి

'నిద్రమత్తులో చెయ్యి పెట్టావు, మాదేం బాధ్యత' అనడం మామూలే. ఏమరపాటు వేరు, కావాలని చేయడం వేరు. మామూలు ఏమరపాటు పరిహారానికి అడ్డం కాదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని మీరడం, గార్డును తెలిసి తెలిసి తీసేయడం వంటివి యజమాని రుజువు చేస్తేనే పరిహారం ఆగుతుంది. అప్పుడు కూడా మనిషి చనిపోయినా, పూర్తిగా శాశ్వత వైకల్యం వచ్చినా పరిహారం ఇవ్వవలసిందే.

తిరిగే భాగాలకు కంచె, గార్డు పెట్టవలసిన బాధ్యత యజమానిదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న మాట ఇది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడ్ అమలవుతోంది. పనిలో పెట్టుకున్నవారికి నియామక పత్రం ఇవ్వాలని కూడా అందులో ఉంది. మీ పిల్లవాడు కొత్తగా చేరుతుంటే ముందు ఆ కాగితం అడగమనండి.

'వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి' అనేది ఇంకో మాట. కంపెనీ తన పనిని కాంట్రాక్టర్ ద్వారా చేయించుకున్నా, పరిహారాన్ని కంపెనీ నుంచే కోరవచ్చు. కంపెనీ ఆ సొమ్మును కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకుంటుందో లేదో వాళ్ల గొడవ. డ్యూటీకి పోయే దారిలో, వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనితో సంబంధం ఉన్నట్టు తేలితే లెక్కలోకి వస్తుంది.

ఇక తెల్ల కాగితం సంగతి. 'నాకు ఏ హక్కూ వద్దు' అని రాయించుకున్నా చట్టం ముందు అది చెల్లదు. ఒకేసారి ఇంత ఇస్తామని ఒప్పందం చేసుకుంటే దాన్ని అధికారి దగ్గర నమోదు చేయించాలి. మనిషి చనిపోయినప్పుడు పరిహారాన్ని అధికారి దగ్గరే జమ చేయాలి, నేరుగా ఇంటికి తెచ్చి ఇచ్చామంటే ఒప్పుకోరు. ఇప్పటికే సంతకం పెట్టినవారు కూడా ఆశ వదులుకోనక్కర లేదు. కానీ గడువు ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి, మరణమైతే ఆ రోజు నుంచి రెండేళ్లలోగా దరఖాస్తు చేయాలి. ఇవ్వవలసిన నాటి నుంచి నెలలోగా యజమాని చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే, పరిహారంలో సగం వరకు జరిమానా కూడా వేయవచ్చు.

కల్లంలో మనమే యజమానులం

ఇంతవరకు చదివి 'కంపెనీ వాళ్లకు బాగా బుద్ధి చెప్పారు' అనుకున్న రైతులు ఇక్కడ కాస్త ఆగాలి. పరిహారం వర్తించే పనుల పట్టికలో ట్రాక్టర్లతో గానీ, ఇంజను, కరెంటుతో నడిచే మిషన్లతో గానీ చేసే వ్యవసాయ పని కూడా ఉంది. మీరు కూలికి పెట్టుకున్న మనిషి నూర్పిడి మిషన్‌లో చెయ్యి పోగొట్టుకుంటే యజమాని స్థానంలో ఉండేది మీరే. పైన చెప్పిన లెక్కే మీ మీదికి వస్తుంది. ఎకరం పొలం మీద ఎన్ని పంటలు తీస్తే మూడు లక్షలు మిగులుతాయో మీకు ఒకరు చెప్పనక్కర లేదు. పోనీ చట్టం మాట పక్కన పెట్టండి. మన కల్లంలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి రేపు మన ఊళ్లోనే, మన కళ్ల ముందే తిరుగుతాడు.

అందుకే ఖర్చు లేని జాగ్రత్తలు ముందు తీసుకోండి. నూర్పిడి మిషన్ ప్రమాదాలు చూసే 1983లో కేంద్రం ప్రమాదకర యంత్రాల చట్టం తెచ్చింది. పంట అందించే తొట్టి పొట్టిగా ఉంటే చెయ్యి డ్రమ్ము దాకా పోతుంది. ప్రమాణాల ప్రకారం తొట్టి పొడవు కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు ఉండాలి. అందులో డ్రమ్ము వైపు 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర మేర పైన మూత ఉండాలి. మిషన్ కిరాయికి తెచ్చేటప్పుడు టేపు పెట్టి కొలవండి. మూత లేని మిషన్‌ను కల్లంలోకి రానివ్వకండి. గంటకు యాభై రూపాయలు తక్కువకు వస్తుందని ఆశపడవద్దు.

బెల్టుకు, పీటీఓ రాడ్‌కు రేకు గార్డు బిగించండి. మిషన్ దగ్గర తువ్వాల, వదులు చొక్కా, చేతి కడియం వద్దు. ఆడవాళ్లు కొంగు బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. తాగినవాళ్లను, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. రాత్రి చాలినంత వెలుతురు లేకపోతే పని ఆపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గడ్డి మిషన్ నడుస్తుండగా కరెంటు పోతుంది. ఇదే సమయమని ఇరుక్కున్న గడ్డిని చేత్తో తీస్తుంటాం. ఉన్నట్టుండి కరెంటు వస్తుంది. స్విచ్ ఆన్‌లోనే ఉంటే, ఆటో స్టార్టర్ ఉంటే మిషన్ దానంతటదే తిరుగుతుంది. కరెంటు పోయిన వెంటనే మెయిన్ స్విచ్ కట్టేయడం అలవాటు చేసుకోండి. ఇరుక్కున్న దాన్ని కట్టెతోనే తీయండి.

ట్రాక్టర్ ఉన్నవారు పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు డ్రైవరుకు, మిషన్ మీద పనిచేసే కూలీలకు అది వర్తిస్తుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. 'అన్నీ వస్తాయి' అన్న నోటి మాట ప్రమాదం రోజున నిలబడదు.

సొంత చెయ్యి పోతే?

సొంత పొలంలో సొంత మిషన్‌తో దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే యజమాని ఎవరూ ఉండరు. అందుకే బీమా చేసుకోవాలి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద పట్టాదారు చనిపోతే నామినీకి ఐదు లక్షలు వస్తాయి. అయితే చెయ్యి పోతే అందులో ఏమీ రాదు. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 2022 జూన్ నుంచి దాని ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోయినా, రెండు చేతులు లేదా రెండు కళ్లు పూర్తిగా పోయినా రెండు లక్షలు, ఒక చెయ్యి లేదా ఒక కన్ను పూర్తిగా పోతే లక్ష వస్తుంది. వేళ్లకు రాదు. ఏటా జూన్ 1 నాటికి ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేట్టు చూసుకోండి.

ఎవరిని కలవాలి?

ఈఎస్ఐ ఉన్నవారు ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో, లేనివారు జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ముందుగా అడగాలి. ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితుడు లేదా అతని కుటుంబం నివసించే ప్రాంతంలోనూ పరిహారానికి దరఖాస్తు చేయవచ్చు. మీ ఇంట్లో అద్దెకు ఉండే ఒడిశా, బీహార్ కార్మికులకు ఈ సంగతి చెప్పండి. వకీలును పెట్టుకునే స్తోమత లేదని మానుకోవద్దు. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు. సంగారెడ్డి కోర్టులోని ఆ సంస్థకు పోవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పోయిన వేలిని ఏ చట్టమూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. కానీ ఆ వేలితో ముప్పై ఏళ్లు సంపాదించవలసిన కూటికి కొంతైనా ఆసరా ఇస్తుంది. దానికి కావలసింది ఆ రోజు డాక్టర్ ముందు చెప్పే ఒక్క నిజం, దాచుకున్న నాలుగు కాగితాలు. ఈ పేజీ కత్తిరించి పాస్‌బుక్‌లో పెట్టుకోండి. కంపెనీకి పోయే పిల్లవాడికి ఒకసారి చదివి వినిపించండి. రేపు మిషన్ స్టార్ట్ చేసేముందు తొట్టి మూత ఒకసారి చూడండి.